కంప్యూటర్ ప్రశ్నలు - జవాబులు: 3.6కి పెంచితే పడింది ప్రాసెసరా, ర్యామా?

ప్రశ్న: నమస్కారం సార్. మాది తెనాలి. డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాను. మా మేనమామ వాడి పక్కన పెట్టేసిన డెస్క్‌టాప్ నాకిచ్చారు. ఇంటెల్ కోర్ 2 డ్యూయో ఈ8400, పీ45 చిప్‌సెట్ బోర్డు, 2 జీబీ డీడీఆర్2-800 స్టిక్కులు రెండు, జీఫోర్స్ 9600 జీటీ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా). విండోస్ 10 వేసుకున్నాను. బయోస్‌లో ఎఫ్‌ఎస్‌బీని (ప్రాసెసర్‌నీ బోర్డునీ కలిపే దారి క్లాకుని) 333 నుంచి 400కి మారిస్తే 3.6 గిగాహెర్ట్జ్ వచ్చింది. అప్పట్నుంచీ బ్లూ స్క్రీన్లే. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్ అంటుంది, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా అంటుంది, మరోసారి ఐఆర్‌క్యూఎల్ అని ఏదో వస్తుంది. జిప్ ఫైళ్లు విప్పుతుంటే సీఆర్‌సీ ఎర్రర్. ప్రాసెసర్‌కి కరెంటు చాలట్లేదేమోనని వోల్టేజి 1.25 నుంచి 1.42కి పెంచాను. బ్లూ స్క్రీన్లు తగ్గలేదు సరికదా, మధ్యాహ్నం పూట గేమ్ ఆడుతుంటే ఏ స్క్రీనూ రాకుండానే టక్కున రీస్టార్ట్ అవుతోంది. తప్పు ర్యామ్‌ది కాదనుకుంటున్నాను. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్‌లో డ్రామ్ (ర్యామ్) ఫ్రీక్వెన్సీ 480 అనే చూపిస్తోంది, 800 స్టిక్కుకి అది తక్కువే కదా. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కరు మీద 12 వోల్టుల గడిలో 14 ఆంపియర్లు అని ఉంది. మా ఫ్రెండ్ ప్రాసెసర్ పోయిందంటున్నాడు. నిజమేనా?

జవాబు: ప్రాసెసర్ పోలేదు తమ్ముడూ. నీ సమస్యకి జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, ఆ 480 దగ్గర. ఇంత వివరంగా, స్టిక్కరు మీది అంకెతో సహా రాసినందుకు నిన్ను మెచ్చుకోవాలి. “సిస్టమ్ హ్యాంగ్ అవుతోంది, ఏం చేయాలి” అని ఒక్క ముక్క రాసేవాళ్లకి నేను చెప్పగలిగేది చాలా తక్కువ.

డీడీఆర్ ర్యామ్ ఒక్కో క్లాకుకి రెండుసార్లు డేటా పంపుతుంది. కాబట్టి 800 అని పేరున్న స్టిక్కు నిజంగా నడవాల్సింది 400 మెగాహెర్ట్జ్‌లో. సీపీయూ-జెడ్ చూపించేది ఆ అసలు క్లాకునే. అక్కడ 480 కనిపిస్తోందంటే నీ స్టిక్కులు 960 వేగంతో పరిగెడుతున్నాయన్నమాట. 800కి తయారైనవాటిని 20 శాతం ఎక్కువ తోలుతున్నావు, అదీ నీకు తెలియకుండానే.

ఇదెలా జరిగిందో చూడు. ఈ8400 మల్టిప్లయర్ 9. ఎఫ్‌ఎస్‌బీ 333 ఉన్నప్పుడు 9 పెట్టి గుణిస్తే 3 గిగాహెర్ట్జ్, 400 చేస్తే 3.6. ఆ లెక్క నువ్వు సరిగ్గానే వేశావు. అయితే ఈ తరం బోర్డుల్లో ర్యామ్ వేగం కూడా ఆ ఎఫ్‌ఎస్‌బీ నుంచే పుడుతుంది, ఒక నిష్పత్తి ప్రకారం. 333 మీద 800 ర్యామ్ నడవడానికి బోర్డు 5:6 నిష్పత్తి పెట్టుకుంది: 333ని 6తో గుణించి 5తో భాగిస్తే 400. ఆ నిష్పత్తిని కదపకుండా నువ్వు ఎఫ్‌ఎస్‌బీని 400 చేశావు. 400ని 6తో గుణించి 5తో భాగిస్తే 480. ఒకే కాడికి కట్టిన ఎడ్లలాంటివి ఇవి, ఒకదాన్ని అదిలిస్తే రెండోదీ పరిగెత్తాల్సిందే. 1.8 వోల్టుల మీద నడిచే మామూలు డీడీఆర్2-800 స్టిక్కుల్లో చాలావాటికి 960 శక్తికి మించిన పని. వాటిని తప్పుపట్టడానికేం లేదు.

బ్లూ స్క్రీన్ పేరు రోజుకొకటిగా మారుతోందని రాశావే, అది కూడా ర్యామ్ వైపే చూపిస్తుంది. ర్యామ్‌లో ఒక బిట్ తారుమారైతే అది ఎవరి పేజీలో పడిందన్నదాన్ని బట్టి ఎర్రర్ పేరు మారుతుంది. డ్రైవర్ వాడుకునే చోట పడితే ఒక పేరు, విండోస్ పేజీల పట్టికలో పడితే ఇంకో పేరు. జిప్ ఫైలు విప్పుతున్నప్పుడు ఆ డేటాలో పడితే నీకు సీఆర్‌సీ ఎర్రర్. ప్రాసెసర్ కోర్‌కి వోల్టేజి చాలనప్పుడు సాధారణంగా వచ్చేవి వేరు: వీయా (WHEA) అన్‌కరెక్టబుల్ ఎర్రర్, లేదంటే క్లాక్ వాచ్‌డాగ్ టైమవుట్. నీ ఉత్తరంలో ఆ రెండూ లేవు. అందుకే 1.42 పెట్టినా ఒరిగిందేమీ లేదు. ఈ ప్రాసెసర్‌కి ఇంటెల్ చెప్పిన పై హద్దు 1.3625 వోల్టులు. నువ్వు దాన్ని దాటేశావు. ఈ పత్రిక చేతికందగానే ముందు ఆ వోల్టేజి దించు, మిగతా పనులన్నీ తర్వాత.

ఇంకో మాట కాస్త గట్టిగానే చెప్పాలి. బ్లూ స్క్రీన్ వస్తే కనీసం తప్పు జరిగిందని తెలుస్తుంది. ర్యామ్ తప్పులు లెక్కిస్తున్నప్పుడు కాపీ చేసిన ఫొటో, సేవ్ చేసిన ప్రాజెక్టు ఫైలు ఏ ఎర్రరూ చెప్పకుండానే పాడైపోవచ్చు. ఎప్పుడో ఆరు నెలలకి తెరిస్తే సగం బొమ్మ బూడిద రంగులో కనిపిస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రిపేరు బల్ల వేసుకుని కూర్చున్న రోజుల్లో ఇలాంటి డిస్కులు పట్టుకుని వచ్చినవాళ్లని చాలామందిని చూశాను. పోయిన ఫొటోలు మళ్లీ రావని వాళ్లతో చెప్పడం కంటే కష్టమైన పని ఆ బల్ల దగ్గర ఇంకోటి లేదు. కాబట్టి ప్రయోగాలు చేసినన్నాళ్లూ ఇంటి ఫొటోలున్న హార్డ్ డిస్కు కేబుల్ ఊడదీసి ఉంచు. విండోస్ ఒక్కటే ఉన్న వేరే పాత డిస్కు మీద ఆడుకో. 400 పెట్టిన రోజు నుంచి ఇప్పటిదాకా కాపీ చేసిన ముఖ్యమైన ఫైళ్లని ఒక్కొక్కటీ తెరిచి చూసుకో, అసలు కాపీ ఇంకోచోట ఉంటే అక్కణ్నుంచే మళ్లీ తెచ్చుకో.

ఇప్పుడు పని మొదలుపెడదాం. బయోస్‌లో అన్నీ డీఫాల్ట్‌కి తీసుకురా. 3.0 దగ్గరే, ఏదీ పెంచకుండా, పెన్ డ్రైవ్ మీంచి ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ప్లస్ రాత్రంతా నడపనీ. పొద్దున్నకి ఎర్రర్ల గడిలో సున్నా ఉండాలి. ఒక్కటి కనిపించినా సరే, అది ఓవర్‌క్లాకింగ్ (కంపెనీ వేగాన్ని మించి నడపడం) గొడవ కాదు. స్టిక్కులు తీసి బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, ఒక్కో స్టిక్కుతో విడివిడిగా మళ్లీ నడుపు. మామూలు వేగంలో నిలబడని పెట్టెని ఓవర్‌క్లాక్ చేయబోవడం వృథా శ్రమ, చాలామంది సరిగ్గా ఈ మెట్టునే వదిలేస్తారు.

ఇది దాటాక నీ బోర్డులో నాకు బాగా ఇష్టమైన పరీక్ష ఒకటి ఉంది. ఎఫ్‌ఎస్‌బీ 400 పెట్టు, మల్టిప్లయర్‌ని మాత్రం 9 నుంచి 6కి దించు. ర్యామ్ వేగం గడిలో ఆటో తీసేసి డీడీఆర్2-800 ఎంచుకో. కొన్ని బోర్డుల్లో అది 1:1 అని ఉంటుంది. ర్యామ్ వోల్టేజి 1.8. పీసీఐ ఎక్స్‌ప్రెస్ క్లాక్ ఆటో మీద వదలకుండా 100 అని నీ చేత్తో పెట్టు, అది పైకి జరిగితే గ్రాఫిక్స్ కార్డూ డిస్కు కంట్రోలరూ తలతిక్క పనులు చేస్తాయి. స్ప్రెడ్ స్పెక్ట్రమ్ ఆపెయ్. ఇప్పుడు ప్రాసెసర్ నడిచేది 2.4 గిగాహెర్ట్జ్‌లో, అంటే కంపెనీ వేగం కంటే తక్కువ. ర్యామ్ తన 800లోనే ఉంది. మామూలు కంటే ఎక్కువ శ్రమ పడుతున్నది బోర్డూ, ప్రాసెసర్‌నీ ర్యామ్‌నీ కలిపే నార్త్‌బ్రిడ్జి చిప్పూ మాత్రమే. ఈ స్థితిలో పడిపోతే ప్రాసెసర్‌ని, ర్యామ్‌ని అనుమానించక్కర్లేదు. నార్త్‌బ్రిడ్జి మీది హీట్ సింక్‌ని ముట్టుకుని చూడు. వేలు ఆనించలేనంత వేడిగా ఉంటే దాని మీదికి చిన్న ఫ్యాన్ తిప్పు. పీ45కి 400 పెద్ద బరువేం కాదు, నిలబడుతుందనే నా నమ్మకం.

నిలబడితే మల్టిప్లయర్ ఒక్కటే మళ్లీ 9 చెయ్. వోల్టేజి 1.25 నుంచి మొదలుపెట్టు. ఇప్పుడు ర్యామ్ 800లోనే ఉంటుంది కాబట్టి పరీక్ష జరిగేది ప్రాసెసర్‌కే. ప్రైమ్95లో స్మాల్ ఎఫ్‌ఎఫ్‌టీ ఎంచుకుంటే లెక్కలన్నీ ప్రాసెసర్ లోపలి క్యాష్‌లోనే జరుగుతాయి, ర్యామ్ జోలికి పెద్దగా పోవు. బ్లెండ్ ఎంచుకుంటే ర్యామ్‌ని కూడా దున్నేస్తుంది. ఈ ప్రైమ్95 కంప్యూటర్లని సతాయించడానికి పుట్టింది కాదు, 1996లో మొదలైన మెర్సెన్ ప్రధాన సంఖ్యల వేట కోసం రాసింది. ఒక్క అంకె తప్పినా నెలల లెక్క వృథా కాబట్టి తన లెక్కని తనే సరిచూసుకుంటూ పోతుంది. మనకి కావలసింది ఆ సుగుణమే. విండోస్ కులాసాగా నడుస్తున్నట్టు కనిపిస్తున్నా, దాని కిటికీలో “రౌండింగ్ వాజ్ 0.5, ఎక్స్‌పెక్టెడ్ లెస్ దేన్ 0.4” అని పడి ఒక కోర్ ఆగిపోయిందంటే, ప్రాసెసర్ లెక్క తప్పిందని అర్థం. అప్పుడు వోల్టేజి ఒక్క మెట్టు పెంచి మళ్లీ నడుపు. చాలా ఈ8400లు 1.3 లోపలే 3.6 అందుకుంటాయి. 1.35 దాకా వెళ్లినా నిలబడకపోతే వేగం తగ్గించుకో: 380 పెడితే 3.42 వస్తుంది, వాడకంలో ఆ తేడా కంటికి ఆనదు. ప్రతిసారీ మార్చేది ఒకే ఒక్క అంకె, మార్చగానే నోటుబుక్కులో రాసుకోవడం. ఇందులో బద్ధకం పనికిరాదు.

ఖాళీగా ఉన్నప్పుడు సీపీయూ-జెడ్‌లో మల్టిప్లయర్ 6 అని, వేగం 2.4 అని కనిపిస్తే కంగారుపడకు. స్పీడ్‌స్టెప్ కరెంటు ఆదా చేస్తోందంతే. పరీక్షలయ్యేదాకా దాన్నీ, అలాంటిదే అయిన సీ1ఈనీ బయోస్‌లో ఆపేసి తర్వాత మళ్లీ పెట్టుకో. అలాగే ప్రైమ్95 మొదలవగానే కోర్ వోల్టేజి బయోస్‌లో పెట్టినదానికంటే కాస్త కిందికి జారుతుంది. అదీ తప్పు కాదు, ఇంటెల్ కావాలనే అలా రూపొందించింది. జారిన తర్వాత ఎంత ఉందో ఆ అంకెనే రాసుకో.

వేడి సంగతి. బాక్సులో వచ్చిన ఫ్యాన్ ఉండి ఉంటే దాని నాలుగు కాళ్లలో ఒకటైనా లేచి ఉంటుందని నా అనుమానం, నీలాంటి పాత 775 సాకెట్ బోర్డుల్లో ఇది మామూలే. పైనుంచి చూస్తే తెలియదు. క్యాబినెట్‌లోంచి బోర్డు బయటికి తీసి వెనక్కి తిప్పు. నాలుగు రంధ్రాల్లోనూ తెల్లటి పిన్ను రెండుగా విచ్చుకుని, మధ్యలో నల్ల పుల్ల కనిపించాలి. నల్లది రాని చోట కాలు పట్టుకోలేదు. ఊడదీసేటప్పుడు పై మూతని బాణం గుర్తు వైపు తిప్పాలి, బిగించే ముందు దాన్ని వెనక్కి తిప్పేసి, ఎదురెదురు మూలల్ని ఒక జతగా నొక్కాలి, ‘టిక్’ మనేదాకా. ప్రాసెసర్ మీద ఎండి పెచ్చులు కట్టిన పాత థర్మల్ పేస్టుని పూర్తిగా తుడిచేసి, కంది గింజంత కొత్త పేస్టు పెట్టు. ప్రైమ్95 నడుస్తుండగా కోర్ టెంప్ 75 డిగ్రీలు దాటకుండా ఉంటే నాకు సంతోషం. నీది మధ్యాహ్నపు గుంటూరు జిల్లా గది, పరీక్ష కూడా మధ్యాహ్నమే చెయ్. తెల్లవారుజామున నెగ్గిన సెట్టింగు మే నెల రెండు గంటలకి నెగ్గుతుందన్న నమ్మకం లేదు.

ఇక గేమ్ మధ్యలో రీస్టార్ట్. ఇది వేరే జబ్బు. ముందు ఒక చిన్న పని: సిస్టమ్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్, అందులో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి ఆటోమేటికల్లీ రీస్టార్ట్ దగ్గర టిక్కు తీసెయ్. అప్పుడు బ్లూ స్క్రీన్ వస్తే కదలకుండా నిలిచి ఉంటుంది. అయినా స్క్రీన్ లేకుండానే రీస్టార్ట్ అయితే కరెంటు తెగుతోందని అర్థం. ప్రాసెసర్ వేడెక్కితే అలా చేయదు, ముందు తనంతట తను వేగం తగ్గించుకుంటుంది, ఇంకా పెరిగితే పెట్టె పూర్తిగా ఆఫ్ అయిపోతుంది.

నీ ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని ఉన్నా, 12 వోల్టుల మీద అది ఇచ్చేది 14 ఆంపియర్లు, అంటే 168 వాట్లే. మిగతాదంతా 5 వోల్టులకీ 3.3కీ పంచేసింది. నీ పెట్టెలో పెద్ద బరువులన్నీ 12 మీదే. 9600 జీటీ ఒక్కటే 95 వాట్ల దాకా లాగుతుంది. ప్రాసెసర్ మామూలుగా 65 వాట్ల రకం. వాట్లు వేగంతో పాటూ పెరుగుతాయి, వోల్టేజి వర్గంతో పాటూ పెరుగుతాయి. వేగం 1.2 రెట్లు, వోల్టేజి 1.25 నుంచి 1.42. లెక్క కడితే ఒకటిన్నర రెట్లు దాటి, సుమారు 100 వాట్లు. రెండూ కలిపి 195. డిస్కూ ఫ్యాన్లూ ఇంకా కలపనే లేదు. వోల్టేజి 1.3కి దిగితే ప్రాసెసర్ వాటా 85 దగ్గరికి వస్తుంది, అప్పటికీ 168 దాటే ఉంది. పైగా వేసవి మధ్యాహ్నం ఇంటి వోల్టేజి పడిపోతే ఇలాంటి చౌక ఎస్‌ఎంపీఎస్‌లు ఇంకా కుంగిపోతాయి.

నమ్మకం కుదరకపోతే కొలిచి చూడు. ఖాళీగా ఉన్న నాలుగు పిన్నుల కనెక్టర్‌లో పసుపు తీగ, నల్ల తీగల మధ్య మల్టీమీటరు పెట్టి, గేమ్ నడుస్తుండగా చూడు. 11.4 కంటే కిందికి దిగకూడదు. గ్రాఫిక్స్ కార్డుకి ఆరు పిన్నుల కరెంటు ఇవ్వడానికి జత కనెక్టర్ వాడి ఉంటే దాన్ని కూడా చూడు. చాలాసార్లు దాని రెండు మూతులూ ఒకే తీగకి వరసగా తగిలించేస్తారు, వేరువేరు తీగలకి ఇవ్వాలి. ఎస్‌ఎంపీఎస్ డబ్బా మాత్రం విప్పొద్దు, ప్లగ్గు పీకినా లోపలి కెపాసిటర్లలో షాక్ కొట్టేంత ఛార్జి ఉంటుంది. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఏదైనా ఉంటే అది ఇక్కడే: 12 వోల్టుల మీద 30 ఆంపియర్లు నిజంగా ఇచ్చే మంచి కంపెనీ ఎస్‌ఎంపీఎస్. అది రేపు ఏ కంప్యూటర్‌కి మారినా నీతోనే వస్తుంది. అది వచ్చేదాకా గేమ్ 3.0 దగ్గరే ఆడుకో. ప్రాసెసర్ చుట్టూ ఉన్న కెపాసిటర్ల తలలు ఉబ్బాయేమో కూడా టార్చి వేసి చూడు, ఒక్కటి ఉబ్బినా ఆ బోర్డు మీద ఓవర్‌క్లాక్ వద్దు.

అడగకపోయినా ఒకటి చెప్తాను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 24హెచ్2 నుంచి ఈ8400 మీద బూట్ కాదు, ఎందుకంటే అది అడిగే ఎస్‌ఎస్‌ఈ4.2 ఆదేశాలు ఈ ప్రాసెసర్‌లో లేవు. ఈ పెట్టెలో లైనక్స్ మింట్ వేసుకుని, చిన్న ఎస్‌ఎస్‌డీ పెట్టుకుంటే రోజువారీ పనిలో 3.6 ఇచ్చేదానికంటే ఎక్కువ వేగం కనిపిస్తుంది. ఓవర్‌క్లాకింగ్ కూడా చెయ్. కంప్యూటర్ లోపల ఒక గడియారం ఎన్నింటిని నడిపిస్తుందో 2008 నాటి ఈ బోర్డు నేర్పినంత బాగా ఇప్పటి ల్యాప్‌టాప్ నేర్పలేదు.

ప్రశ్న: మాది కరీంనగర్‌లో ఫొటో స్టూడియో సార్. పెళ్లి వీడియోల ఎడిటింగ్‌కి ఐ5-2500కే, హెచ్61 బోర్డు వాడుతున్నాను. ‘కే’ ఉంటే ఓవర్‌క్లాక్ అవుతుందన్నారు. మల్టిప్లయర్ పెరగడం లేదు. బేస్ క్లాక్ 100ని 107 చేస్తే విండోస్ వస్తూనే హార్డ్ డిస్కు మాయమవుతోంది, కీబోర్డు ఆగిపోతోంది. ప్రాసెసర్ డూప్లికేటా?

జవాబు: అసలుదేనమ్మా, అనుమానం అక్కర్లేదు. 2011లో వచ్చిన ఆ తరంలో మల్టిప్లయర్ పెంచాలంటే ప్రాసెసర్‌తో పాటు బోర్డు కూడా ఒప్పుకోవాలి. పీ67, జెడ్68 ఒప్పుకుంటాయి, హెచ్61 ఒప్పుకోదు. ఇక బేస్ క్లాక్ విషయానికొస్తే, ఆ తరంలో క్లాకుని చిప్‌సెట్‌లోకే చేర్చేశారు. డిస్కు, యూఎస్‌బీ, పీసీఐ ఎక్స్‌ప్రెస్ అన్నీ దాని మీదే ఆధారపడతాయి. అందుకే ముందు డిస్కు, కీబోర్డు పడిపోయాయి. దాన్ని 100కి తెచ్చేయండి.

నిజం చెప్పాలంటే ఇంకొకరి పెళ్లి ఉన్న కంప్యూటర్ మీద ఓవర్‌క్లాకింగ్ నేను ఒప్పుకోను, బోర్డు మార్చినా సరే. మీకు కావలసింది ఎక్స్‌పోర్ట్ త్వరగా అవడమే కదా. మీ ప్రాసెసర్‌లోనే క్విక్ సింక్ అనే వీడియో ఎన్‌కోడర్ ఉంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు పెట్టి ఉంటే చాలా బోర్డుల్లో అది నిద్రపోతుంది. మానిటర్ కేబుల్‌ని బోర్డుకే తగిలించి, ఎక్స్‌పోర్ట్ సెట్టింగుల్లో హార్డ్‌వేర్ ఎన్‌కోడింగ్ ఉందేమో చూడండి. ఉంటే హెచ్.264 వీడియోకి పట్టే సమయం బాగా తగ్గుతుంది.

ప్రశ్న: ఎఫ్‌ఎస్‌బీ పెంచి సేవ్ చేశాక స్క్రీన్ నల్లగా ఉండిపోయింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, బయోస్ కూడా రావడం లేదు. బోర్డు కాలిపోయిందా?

జవాబు: కాలలేదు, మీరు పెట్టిన అంకెతో అది లేవలేకపోతోంది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి వదలండి. బోర్డు మీద సెల్లు పక్కనే క్లియర్ సీమాస్ అని మూడు పిన్నుల జంపర్ ఉంటుంది. దాన్ని 1-2 నుంచి 2-3కి మార్చి, పది సెకన్లాగి మళ్లీ పాత చోటే పెట్టండి. ప్లగ్గు ఉండగా ఈ పని చేయొద్దు. జంపర్ దొరక్కపోతే సీఆర్2032 సెల్లు తీసి పావుగంట పక్కన పెట్టినా సరిపోతుంది. ఎలాగూ తీశారు కాబట్టి దాన్ని మల్టీమీటరుతో చూడండి. 3 వోల్టులు ఉండాలి, 2.7 కంటే తక్కువ చూపిస్తే కొత్తది వేయండి. బయోస్ రాగానే తేదీ, టైమ్ సరిచేసి, డిస్కు మోడ్ ముందు ఐడీఈ ఉందో ఏహెచ్‌సీఐ ఉందో గుర్తుచేసుకుని అదే పెట్టండి. అది మారితే విండోస్ బూట్ అవుతూ బ్లూ స్క్రీన్ ఇస్తుంది, దానికీ ఓవర్‌క్లాకింగ్‌కీ సంబంధం ఉండదు.